హైమ స్వెట్టరు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. మంచు ఇప్పటికన్నా దట్టంగా కురిసే రోజుల్లో, తుహినపురమని ఒక కొండ ఊరు ఉండేది. ఆ ఊళ్లో మబ్బులు ఆకాశంలో ఉండేవి కావు, గుమ్మాల ముందు ఆవుల్లా పడుకునేవి. పొద్దున్నే తలుపు తీసినవాళ్లు వాటిని అదిలించుకుని వీధిలోకి రావలసిందే.

రాజుల కాలంలో స్వెట్టర్లేమిటని అడక్కండి పిల్లలూ. చలికి రాజుల కాలమని, మన కాలమని తేడా లేదు. తుహినపురంలో ఆడవాళ్లందరూ అల్లేవారు. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు రెండు వరసలు, పక్కింటామెతో కబుర్లాడుతూ నాలుగు వరసలు. కోపం మీద ఉన్న అత్తగారు అల్లితే మెడ బిగుసుకుపోయి మనవడి తల దూరదని, ఆ మెడను చూసి ఇంట్లో ఏం జరిగిందో ఊరంతా చెప్పేయవచ్చునని ఒక నవ్వులాట కూడా ఉండేది.

అల్లడం అయ్యాక వీపు మీద రంగు దారంతో ఒక గుర్తు కుట్టేవారు. ఇంటూ గుర్తుల్లా దారాన్ని అడ్డంగా వేసుకుంటూ పోయే కుట్టు, మన అమ్మలు క్రాస్ కుట్టు అంటారే, అదే. ఒక పిల్లకు హంస, ఒక పిల్లాడికి దీపం, ఇంకొకడికి మామిడికాయ. అది సోకు కోసం కాదు. మంచు దిగితే ఆ ఊళ్లో కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. ముందు నడిచే బిడ్డ మొహం కనపడదు గానీ, వీపు మీద ఎర్రటి గుర్తు మసకమసకగా కనపడుతుంది. తల్లి ఆ గుర్తును చూసి బిడ్డను పట్టుకునేది.

ఏటేటా సరికొత్త స్వెట్టరు అల్లే ఆచారం వాళ్లకు లేదు. చలిగాలి మొదలవగానే నిరుటి స్వెట్టరును విప్పి, ఆ ఉన్నిని వేన్నీళ్లలో ఉతికి ఆరబెట్టి, దానికి కొత్త ఉన్ని ఉండ ఒకటి చేర్చి, ఎదిగిన బిడ్డకు సరిపడా మళ్లీ అల్లేవారు. పురిటిలో తొడిగిన ఉన్ని పెళ్లి దాకా ఒంటి మీద ఉండాలని వాళ్ల నమ్మకం. అల్లేముందు బిడ్డను నిలబెట్టి, వీపు మీద జాన పెట్టి కొలత తీయాలి. ఊహ మీద అల్లకూడదు. ఒకరు కొలత తీసిన బిడ్డకు మరొకరు అల్లకూడదు, దిష్టి తగులుతుంది. ఈ ఆఖరి మాటను కాస్త గట్టిగా పట్టుకోండి, ఈ కథలో జరిగిన చెడంతా దానివల్లే జరిగింది.

ఆ ఊళ్లో చెంగల్వ అని ఒకామె ఉండేది. ఆమె భర్త గొర్రెల కాపరి. మందతో కనుమ దాటుతూ మంచులో చిక్కి ప్రాణం వదిలాడు. అప్పటికి బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది. పుట్టిన ఆడపిల్లకు హైమ అని పేరు పెట్టుకుంది. ఇక ఆమెకు చుట్టమైనా, పక్కమైనా, మాట్లాడేందుకు తోడైనా హైమే. చెంగల్వ చేతి పనితనం ఎంతటిదంటే, హైమ స్వెట్టరు మీద ఆమె కుట్టిన ఎర్ర హంసను లోపలి వైపు తిప్పి చూసినా ఒక్క ముడి కనపడేది కాదు.

హైమకు జాజి అని ఒక నేస్తం ఉండేది. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే ఎత్తు. జాజి తల్లి ఆ ఏడు వేసవిలో పోయింది. తండ్రి సింగన్న బొగ్గుల గంపలు మోసుకుని లోయలోకి దిగితే రోజుల తరబడి తిరిగి రాడు. జాజి ఒంటి మీద తల్లి అల్లిన పాత స్వెట్టరు ఉండేది. దాని వీపు మీద చిన్న చిలక.

ఆ చలికాలం హైమకు జ్వరం తగిలింది. వైద్యుడు వచ్చాడు, కషాయం కాచాడు, కణత మీద పట్టు వేశాడు. ఏం చేసినా జ్వరం దిగలేదు. బిడ్డను తీసుకునే పోయింది.

ఊరంతా ఏడ్చింది. చెంగల్వ ఏడవలేదు. హైమ స్వెట్టరును మడత పెట్టి పెట్టెలో పెట్టింది. "వచ్చే ఏటికి ఇది పట్టదు. విప్పి మళ్లీ అల్లాలి," అంది. విన్నవాళ్ల గుండె తరుక్కుపోయింది.

మళ్లీ చలిగాలి వచ్చింది. చెంగల్వ పెట్టె తెరిచి, హంసను జాగ్రత్తగా కత్తిరించి తీసి, స్వెట్టరు విప్పింది. ఉన్ని ఉతికింది, ఆరబెట్టింది, ఉండ చుట్టింది. ఆమె మనసులో ఉన్నది ఒకటే. స్వెట్టరు పెరుగుతున్నంత కాలం హైమ కూడా ఎక్కడో పెరుగుతున్నట్టే. అల్లిక ఆగిపోయిన రోజున బిడ్డ నిజంగా పోయినట్టు. ఆ రోజు రాకూడదు. ఎంతకైనా రాకూడదు.

కానీ కొలత ఎక్కడినుంచి వస్తుంది? ఊహ మీద అల్లకూడదాయె. వీధిలో జాజి పోతూ కనిపించింది.

"జాజీ, ఇటు రావే. కాస్త అటు తిరిగి నిలబడు."

జాజి మొహం విచ్చుకుంది. కొలత తీశారంటే స్వెట్టరు వచ్చినట్టే కదా! ఊపిరి బిగబట్టి, కొయ్యలా నిటారుగా నిలబడింది. చెంగల్వ జాన పెట్టి భుజం నుంచి భుజానికి కొలిచింది, మెడ నుంచి నడుముకు కొలిచింది. "నాకేనా అత్తా?" అని నాలుక చివరి దాకా వచ్చింది జాజికి. అడిగితే ఎక్కడ కాదంటుందోనని అడగలేదు.

స్వెట్టరు తయారైంది. హంస మళ్లీ వీపెక్కింది. స్వెట్టరు మడత పడి పెట్టెలోకి పోయింది.

మరి ఊళ్లో తక్కిన ఆడవాళ్లు ఏం చేస్తున్నారంటారా? వాళ్లేమీ రాతిగుండె వాళ్లు కాదు. తల్లిలేని పిల్లకు తలా పిడికెడు ఉన్ని వేసి అల్లిద్దామని అనుకున్నవాళ్లే. కానీ చెంగల్వ కొలత తీయడం అందరూ చూశారు. "పోనీలే, పుణ్యం కట్టుకుంటోంది. ఆ పిల్లను చూసుకుంటే దీని కడుపుకోతా కొంత తీరుతుంది," అనుకుని, ఒకరు కొలిచిన బిడ్డకు తాము అల్లితే దిష్టని సూదులు పక్కన పెట్టేశారు.

పక్కింటి ఆదెమ్మ అవ్వ ఊరుకోలేక ఒకరోజు అడిగింది. "ఏమే చెంగల్వా, జాజి స్వెట్టరు ఏదే? పిల్ల ముంజేతులు బయటపెట్టుకుని తిరుగుతోంది."

"ఇంకా మెడ అవలేదవ్వా," అంది చెంగల్వ.

అబద్ధానికి ఒక గుణం ఉంది. ఒక కుట్టు వేశాక రెండోది వేయక తప్పదు. ఆ ఏడు మొదట మెడ కాలేదు, తరువాత ఉన్ని చాలలేదు, ఆ తరువాత ఎండలు వచ్చేశాయి.

రెండో చలికాలం వచ్చింది. మళ్లీ పెట్టె, మళ్లీ వేన్నీళ్లు, మళ్లీ జాజి వీపు. పిల్ల పిడికెడు ఎత్తు పెరిగింది. స్వెట్టరూ పిడికెడు పెరిగింది.

ఆ దేశపు రాణి ఏటా తుహినపురం వచ్చి, తన కూతురికి ఒక స్వెట్టరు ఎంచుకుపోయేది. ఆ ఏడు ఎవరో చెంగల్వ పనితనం గురించి చెప్పారు. రాణి మేనా దిగి, దాసీలను వీధిలోనే ఉండమని, ఒక్కతే లోపలికి వచ్చింది. అప్పుడే చెంగల్వ పూర్తయిన స్వెట్టరును జాజి వీపుకు ఆనించి చూసుకుంటోంది.

"అబ్బ! కొలిచి పోతపోసినట్టుంది," అంది రాణి. "నీ కూతురా అమ్మా?"

"కాదు," అంది చెంగల్వ.

"మరి స్వెట్టరు ఈ పిల్లదేనా?"

"కాదు మహారాణీ. ఇది నా కూతురు హైమది."

"ఏదీ, మీ హైమను పిలువు. చూస్తాను."

చెంగల్వ హంస మీద చేత్తో నిమురుతూ ఉండిపోయింది. రాణి ఆమె చేతిని చూసింది, కళ్లను చూసింది. ఆమె కూడా బిడ్డ తల్లే, అర్థమైపోయింది. కళ్లొత్తుకుని బయటికి నడిచింది. రాజ్యమేలే తల్లికైనా ఆ దుఃఖానికి మందు తెలియదు కదా.

పెద్దవాళ్లిద్దరూ పోయిన బిడ్డనే తలుచుకున్నారు. ఉన్న బిడ్డ వాళ్లిద్దరి మధ్యనే నిలబడి ఉంది. ఆ రెండు "కాదు"లనూ విన్నది.

ఆ రోజు సాయంత్రం గొర్రెల దొడ్డి గోడ చాటున కూర్చుని జాజి తనివితీరా ఏడ్చింది. తరువాత మొహం కడుక్కుని ఇంటికి పోయింది. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఆదెమ్మ అవ్వ దారిలో ఆపి, "నీకు అల్లుతోందా లేదా ఆ మహాతల్లి?" అని అడిగితే, "అత్త అల్లుతూనే ఉందవ్వా," అంది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు చూడండి.

మూడో ఏట చలి ముందే దిగింది. జాజి స్వెట్టరు చేతులు మోచేతుల పైకి ఎగబాకాయి. వీపు మీది చిలక దారాలు అరిగి అరిగి రాలిపోయాయి. బూడిదరంగు ఉన్ని ఒక్కటే మిగిలింది. అయినా చెంగల్వ పిలిచినప్పుడల్లా వచ్చేది, చెప్పకుండానే అటు తిరిగి నిలబడేది.

చెంగల్వ వెనక భాగం అల్లింది, ముందు భాగం అల్లింది, హంసనూ కుట్టేసింది. ఒక చెయ్యి అతికింది. "జాజీ, రెండో చెయ్యి మొదలుపెట్టేముందు ఈ చెయ్యి పొడవు సరిపోయిందో లేదో నీకు పెట్టి చూడాలి. పొద్దు వాలకముందే రా," అని చెప్పి పంపింది.

ఆ మధ్యాహ్నం పిల్లలంతా పుల్లలు ఏరడానికి కొండెక్కారు. "అత్త రమ్మంది, ఆలస్యమైతే కోప్పడుతుంది," అని జాజి వాళ్లను వదిలి, దగ్గరదారని మేకల బాట పట్టి ఒక్కతే దిగింది. సగం దారిలో ఉండగా మంచు కమ్ముకుంది.

ఊళ్లో గంట మోగింది. తల్లులు కొంగులు బిగించి కొండవైపు పరుగెత్తారు. "అదుగో మామిడికాయ!" "దీపం దొరికాడు!" "నెమలిని పట్టుకో, అటు పోతోంది!" అని కేకలు. ఒక్కొక్క ఎర్రగుర్తూ మంచులోంచి ఊడిపడి ఒక్కొక్క తల్లి ఒళ్లో చేరింది. అందరూ దిగి వచ్చారు. జాజి రాలేదు.

ఆదెమ్మ అవ్వ కర్ర పట్టుకుని చెంగల్వ గుమ్మంలోకి వచ్చింది. "పిల్ల కనపడటం లేదే. ఒక్కతే మేకల బాట పట్టి దిగిందట. మొగవాళ్లు కాగడాలతో బయలుదేరుతున్నారు. ఏ గుర్తు కోసం చూడమనాలి? ఈ ఏడైనా అల్లి తొడిగావా? ఏం గుర్తు కుట్టావు, చెప్పు త్వరగా!"

చెంగల్వ చేతిలో ఒంటిచేతి స్వెట్టరు ఉంది. ఆ పిల్ల భుజాలు ఎన్ని వేళ్ల వెడల్పో ఆమెకు తెలుసు. మెడ ఎంతో, నడుము ఎంతో, చలికాలానికీ చలికాలానికీ ఎంత ఎదిగిందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ వీపు మీద ఏ గుర్తుందో మాత్రం చెప్పలేకపోయింది.

"ఏ గుర్తూ లేదవ్వా," అంది. "నేను జాజికి అల్లలేదు. ఎన్నడూ అల్లలేదు."

అవ్వ చేతికర్ర కింద పడింది. దాన్ని తీసే తీరిక లేదు చెంగల్వకు. పొయ్యిలో మండుతున్న కొరివి ఒకటి లాక్కుని వీధిలోకి ఉరికింది.

మేకల బాటన పైకి పోతూ గొర్రెల దొడ్డి దాటింది. గోడ వారన బూడిదరంగు ముద్ద ఒకటి కనిపించింది. తప్పిపోయిన గొర్రె అనుకుంది. "జాజీ!" అని అరుస్తూ ముందుకు పోయింది. పైన ఎవరూ లేరు. దిగి వస్తూ మళ్లీ ఆ ముద్దను చూసింది. గొర్రేలే అనుకుని మళ్లీ దాటిపోయింది. మూడోసారి అటువైపే వచ్చినప్పుడు ఆ ముద్ద, "అత్తా," అంది.

చెంగల్వ పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. మంచుగడ్డను మోసుకొచ్చినట్టే ఉంది. పొయ్యి రాజేసి దగ్గర పడుకోబెట్టింది. కాళ్లు రుద్దింది, వెచ్చటి గంజి గొంతులో పోసింది. స్వెట్టరు తెచ్చి పిల్ల తలకు తొడగబోయింది.

జాజి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దత్తా. హైమకు చలేస్తుంది."

చెంగల్వ చేతులు అక్కడే ఆగిపోయాయి.

"పోయినచోట కూడా చలేనటగా? నువ్వు ఏటా పంపిస్తున్నావనుకున్నాను. నేను రాకపోతే కొలత తప్పుతుంది, దానికి బిగుతవుతుందని వచ్చేదాన్ని." పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నీలం తిరిగిన చేతిని బారుగా చాపింది. "ఆలస్యమైంది. కోప్పడకు. చెయ్యి పెట్టి చూసుకో."

అప్పుడు విరిగింది చెంగల్వ గుండెలో ఏళ్ల తరబడి గడ్డకట్టిన మంచు. ఊరంతా ఏడ్చిన రోజున ఏడవనిది, ఈ రోజు గోడలు అదిరేటట్టు ఏడ్చింది. పిల్లను గుండెకు అదుముకుని, ఇంతవరకు నోట అనని మాట అనేసింది.

"హైమ లేదమ్మా. చచ్చిపోయింది నా తల్లి. దానికి ఇక చలి వేయదు. ఎన్నటికీ వేయదు. చలేస్తున్నది నీకే. నా కళ్లెదుట నీకే వేస్తోంది, నేనే చూడలేదు."

స్వెట్టరు తొడిగింది. భుజం దగ్గర, మెడ దగ్గర, నడుము దగ్గర వేలెడు తేడా లేదు. ఉండకూడదు కూడా, ఆ ఒంటికి కొలిచిందే కదా. అల్లిక లేని వైపు చేతిని మాత్రం తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, తెల్లవారేదాకా వదలకుండా కూర్చుంది.

జాజి బతికింది. కానీ వైద్యుడు వచ్చి కుడికాలి వేళ్లు చూసి తల వంచుకున్నాడు. ఆ వేళ్లలోకి మళ్లీ రక్తం రాలేదు.

లోయనుంచి వచ్చిన సింగన్న కాళ్ల మీద పడబోయింది చెంగల్వ. అతను పడనివ్వలేదు, ఓదార్చనూ లేదు. కూతురి పక్కన కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు చెంగల్వ రెండో చెయ్యి అల్లి అతికింది. తరువాత చిన్న కత్తెర పట్టుకుని, హంసను ఒక్కొక్క కుట్టే కత్తిరించి తీసింది. ఆ రోజున ఆమెకు హైమ రెండోసారి పోయింది. అయినా ఆపలేదు. ఖాళీ అయిన చోట ఎర్రచిలకను కుట్టింది.

ఇది జరిగాక తుహినపురం వాళ్లు దిష్టి మాటను మంచులో కలిపేశారు. కొలత ఎవరు తీసినా సరే, వణికే పిల్ల కనపడితే చేతిలో సూదులున్నవాళ్లు అల్లవలసిందే అని కట్టడి చేసుకున్నారు.

జాజి పెరిగి పెద్దదైంది. ఎవరి మీదా కోపం పెట్టుకోని మనిషి అని పేరు తెచ్చుకుంది. చెంగల్వను ఎప్పటిలాగే అత్తా అని పిలిచేది, పండో ఫలమో ఉంటే తెచ్చి ఇచ్చేది. నడిచినప్పుడు కుడికాలు కాస్త ఈడ్చేది. వీధి రాళ్ల మీద ఆ చప్పుడు వినపడగానే చెంగల్వ చేతుల్లో అల్లిక ఆగిపోయేది. జాజి ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తి పొడవలేదు. పొడవకపోవడమే చెంగల్వను ఎక్కువగా కోసేది. చివరి ఊపిరి దాకా కోసింది.

పోయినవారి కోసం దాచిన వెచ్చదనం పోయినవారికి అందదు. ఎదుట వణికేవారికి వేళకు తొడిగినదే ప్రేమ.